పిలిస్తేనే వచ్చే కార్డు

అన్సర్ ఆ నల్ల కార్డును గాజు కౌంటర్ మీద పెట్టలేదు. జానెడు ఎత్తు నుంచి వదిలాడు.

టంగ్!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఆ శబ్దానికి తలెత్తని మనిషి ఉండడు. గాజు మీద పడింది ఉంగరమా, నాణెమా అని చెవితోనే తేల్చుకుంటారు. ఓనరు ఆదినారాయణ శెట్టి ఫోన్ పక్కన పెట్టి చూశాడు. కమ్మలు సర్దుతున్న తహసీన్ చూసింది. బిల్లింగ్‌లో కూర్చున్న పర్వీన్ మాత్రం కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి కార్డు అందుకుంది.

చేతికి బరువు తేడా తెలిసింది. అలవాటు కొద్దీ, పక్కనున్న తూకం గాజు తలుపు తెరిచి లోపల పెట్టేసింది.

“పద్దెనిమిది గ్రాములు. ఏం లోహమన్నా ఇది?”

“లోహమేంది? క్రెడిట్ కార్డు.”

“అది తెలుస్తాందిలే. దేంతో చేసినారు అని.”

“స్టీలు,” అన్నాడు అన్సర్, గొంతు తగ్గించి.

“స్టీలా! పాత్రలంగడి వెనక వీధిలో ఉందన్నా.”

తహసీన్ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. శెట్టి దగ్గు వచ్చినట్టు దగ్గాడు.

జమ్మలమడుగు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అన్సర్ ఈ ఘట్టాన్ని ఊహించుకుంటూనే ఉన్నాడు. కార్డు పడుతుంది, ఎదుటి మనిషి కళ్ళు పెద్దవవుతాయి, “సార్, కూర్చోండి” అంటారు. ఆ ఊహల్లో ఎవరూ కార్డును తూకం వెయ్యలేదు.

కోపం రావాల్సిందే. వచ్చే లోపల ఆ అమ్మాయి తలెత్తింది. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక, కార్డు మిషన్ అతని ముందుకు జరిపింది. పిన్ నొక్కుతుంటే మర్యాదగా తల పక్కకు తిప్పుకుంది.

అమ్మ కోసం కొన్న కమ్మల పొట్లాన్ని కౌంటర్ మీదే మరిచిపోయి మెట్లు దిగాడు అన్సర్. తహసీన్ వెంటపడి ఇచ్చింది.

*

మరుసటి శనివారం ముద్దనూరు మేనత్తతో వచ్చాడు. ఆ పై శనివారం పెద్దమ్మ కూతురితో. చుట్టాల్లో ఎవరికి ఉంగరం కావాలన్నా, గొలుసు తెగినా, సోలార్ ప్లాంటులో ఇంజనీరుగా పనిచేసే అన్సర్‌కు ఆ రోజే సెలవు దొరికేది.

“కార్డయితే రెండు శాతం ఎక్కువ పడ్తాదప్పా,” అన్నాడు శెట్టి. “మీ అత్త దుడ్లు తెచ్చింది గదా? అవే ఇచ్చేస్తే పోలా?”

“అత్త నాకిస్తాదిలే మామా. ఆ రెండు శాతం నేను పెట్టుకుంటా. కార్డే గీకు.”

మిషన్ అతని చేతికొచ్చేది. పర్వీన్ తల తిప్పుకునేది. అన్సర్ ఆలోచించి ఆలోచించి ఒక్కో అంకె నొక్కేవాడు.

“నాలుగంకెలకు ఇంతసేపా అన్నా?”

“మరిచిపోయినా. మళ్ళీ నొక్కుతా.”

పులివెందులలో చిన్నాన్న కొడుకు పెళ్ళి కుదిరింది. ఆ నగల కోసం వచ్చిన రోజు వాన పట్టుకుంది. ప్రొద్దుటూరులో వాన అంటే అరుదైన చుట్టం. వీధి వీధంతా అంగళ్ళ గడపల్లో నిలబడి దాన్నే చూస్తోంది. చిన్నాన్న, పిన్ని హారాల దగ్గర తగువులాడుకుంటున్నారు. అన్సర్ బిల్లింగ్ దగ్గరే నిలబడిపోయాడు.

“నిజంగా అడుగుతాండా అన్నా. ఏముంది ఈ కార్డులో?”

“ముందు ఆ అన్నా తీసెయ్. చెప్తా.”

“కస్టమర్లందరూ మాకు అన్నలే.”

“అయితే కస్టమర్‌గా రావడం మానుకుంటా.”

“మానుకొని?”

 అన్సర్ వాన వైపు చూశాడు.

“ఇది అడిగితే ఇయ్యరు. మనల్ని చూసి, నచ్చితే వాళ్ళే పిలిచి ఇస్తారు. రెండేండ్లు కాచుకున్నా. నల్ల పెట్టెలో, మఖమల్ గుడ్డలో పెట్టి పంపినారు తెలుసా?”

“మేమూ మఖమల్లోనే ఇస్తాం. కాకపోతే లోపల బంగారం ఉంటాది.”

“ఎయిర్‌పోర్టులో లౌంజ్ ఉంటాది. మెత్తటి సోఫాలు. ఈ కార్డుంటే ఊరికే కూచోవచ్చు, కావాల్సింది తినొచ్చు.”

“ఎన్నిసార్లు కూచున్నావు?”

“ఇంగా విమానం ఎక్కల్యా.”

పర్వీన్ ఫక్కున నవ్వింది. అన్సర్ కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది.

“హైదరాబాద్‌లో ట్రైనింగ్ అప్పుడు ఒక పెద్ద హోటల్‌కు పోయినాం. ‘ఈడ కూచుందామా’ అన్నానో లేదో, వెయిటర్ నవ్వుకున్నాడు, మన యాస విని. మాతో వచ్చినోడిది కూడా మన పక్క ఊరే. వాడు ఇట్లాంటి కార్డు తీసి బల్ల మీద వేసినాడు. టంగ్‌మనింది. అంతే, వాని యాస ఎవురికీ వినపడలా. సార్, సార్ అని చుట్టూ తిరిగినారు. నాకూ ఒకసారి అట్ల పిలిపించుకోవాలనిపించింది.”

పర్వీన్ పెన్ను మూత నోట్లో నుంచి తీసేసింది.

“మరి పిలిచినారా?”

“యాడ? మొట్టమొదట గీకిన అంగట్లోనే తూకం వేసినారు.”

*

పర్వీన్‌కు శనివారాలు మిగతా రోజుల కన్నా ముందే తెల్లవారడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చ చున్నీ శనివారాలకే ఎత్తి పెట్టడం తహసీన్ గమనించింది. గమనించి, చెప్పాల్సింది చెప్పింది.

“వాడు నీ కోసం వస్తాండాడని అనుకుంటాండావేమో. ఇట్లాంటి కార్డులోళ్ళు ఊళ్ళో అందరి సరుకూ వాళ్ళ కార్డు మీదే గీకుతారు. పాయింట్లు వస్తాయి. పాయింట్లతో విమానం టికెట్లు కొంటారు. మా చిన్నమామ అదే పని.”

మామూలుగా అయితే నవ్వి ఊరుకునేది. కానీ ఆ వారమే నాన్న దస్తగిరి ఆమెను కూర్చోబెట్టి అడిగాడు. “వల్లూరు సంబంధం వాళ్ళు ఆదివారానికి మాట చెప్పమంటాండారు. నీ మనసులో ఎవురన్నా ఉంటే చెప్పు తల్లీ. లేకుంటే సరే అనేస్తా.”

మనసులో ఉన్నవాడి మనసులో ఏముందో తెలియాలి కదా!

శనివారం అన్సర్ మేనత్తతో మెట్లెక్కాడో లేదో, పర్వీన్ అడిగేసింది.

“నువ్వు ప్రతి వారం ఈడికి వచ్చేది ఈ కార్డు పాయింట్ల కోసమే గదా? నిజం చెప్పు.”

ఒక పక్క మేనత్త. ఇంకో పక్క శెట్టి. వెనక తహసీన్. అన్సర్ నోరు తెరిచాడు, మూశాడు. “నీ కోసం” అన్న మాట అంతమంది ముందు ఎట్లా బయటికి వస్తుంది?

“సరే అన్నా. నేను పిలిచిందాకా ఈ మెట్లెక్కొద్దు.”

‘అన్నా’ మీద వేసిన ఒత్తుకు మేనత్త సైతం గతుక్కుమంది. అన్సర్ కార్డు జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నమే పులివెందుల నుంచి డాక్టర్ ప్రత్యూష గాజులు కొనడానికి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులో డబ్బు వెతుకుతుంటే, అచ్చం అలాంటి నల్ల కార్డే జారి కౌంటర్ మీద పడింది. టంగ్! పర్వీన్ గుండె కూడా అదే శబ్దం చేసింది.

“కార్డు గీకమంటారా మేడం?”

“అయ్యో, వద్దమ్మా. దీంట్లో బంగారానికి ఒక్క పాయింటు కూడా రాదు. పైన మీ రెండు శాతం దండగ. తెలిసి తెలిసి దీంతో బంగారం కొనేవాళ్ళు ఎవరుంటారు?”

పర్వీన్ ముఖం మొత్తం వెలిగింది.

“ఉండాడు మేడం ఒకడు,” అంది. “శానా తెలివి తక్కువోడు.”

*

సెలవైనా ఇంటికి పోబుద్ధి కాక, ఆ సాయంత్రం ప్లాంటుకెళ్ళి సోలార్ పలకల మధ్య దిగాలుగా నడుస్తున్న అన్సర్ ఫోన్ మోగింది.

“హలో, అన్సర్ సార్‌తో మాట్లాడొచ్చా?”

“చెప్పండి మేడం.”

“కంగ్రాచులేషన్స్ సార్. మీరు సెలెక్ట్ అయినారు. ఇది అడిగితే ఇచ్చేది కాదు, మేము పిలిస్తేనే.”

“నా దగ్గర ఒక కార్డు ఉంది మేడం. దాంతోనే చస్తాండా.”

“ఇది కార్డు కాదు సార్. దీంట్లో స్టీలు అసలు ల్యా.”

అన్సర్ నడక ఆగింది. “పర్వీన్?”

“లైన్లో ఉండండి సార్, చిన్న వెరిఫికేషన్. బంగారానికి పాయింట్లు రావని మీకు ముందే తెలుసా?”

“తెలుసు.”

“మరెందుకు గీకినారు?”

“దుడ్లిస్తే ఒక్క నిమిషంలో పంపిస్తారు. కార్డయితే పిన్ నొక్కేటప్పుడు బిల్లింగ్‌లో పిల్ల తల తిప్పుకుంటాది. ఆ కాసేపు ఆమెను చూడొచ్చు.”

“ఆమె తల తిప్పే పక్క అద్దం ఉంది సార్. గమనించలేదా?”

జమ్మలమడుగు ఎండలో, చుట్టూ వేల పలకలు మెరుస్తుండగా, అన్సర్ నిలువునా ఎర్రబడ్డాడు.

“అంతా తెలిసి కూడా వెళ్ళగొడితివే!”

“చూసేవాళ్ళు రోజూ వస్తారు. రెండు శాతం నష్టానికి చూసేటోడివి నువ్వు ఒక్కనివే. అది ఈ పొద్దే తెలిసింది.” గొంతు సవరించుకుని మళ్ళీ మేడం అయిపోయింది. “రేపు ఆదివారం లౌంజ్‌కు రండి సార్. మెత్తగా ఉంటాది. మా నాయన పరుపులంగడి.”

*

దస్తగిరి అంగట్లో పరుపులు పైకప్పును తాకుతున్నాయి. గాలిలో దూది పోగులు ఎగురుతున్నాయి. అన్సర్ ఒక పరుపు అంచున, లోతుగా దిగిపోయి కూర్చున్నాడు. దస్తగిరి కార్డును తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“అడిగినోళ్ళందరికీ ఇయ్యరంట గదప్పా ఇది?”

“ఇయ్యరు మామా.”

“మేమూ అంతే.”

అన్సర్ ఇంకొంచెం లోతుకు దిగిపోయాడు.

పర్వీన్ జేజి సైదాబీ చాయ్ పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టింది. స్టూలు ఒక పక్కకు ఒరిగింది. కప్పుల్లో చాయ్ ఊగింది. ముసలమ్మ విసుక్కుని, కొడుకు చేతిలోని నల్ల కార్డు లాక్కుని, స్టూలు కుంటి కాలు కింద తోసింది. పళ్ళెం నిలబడింది.

“ఆ, సరిపోయింది,” అంది సైదాబీ. “ఇట్లాంటివి ఇంకోటి ఉందా నాయనా? మంచానికి కూడా కావాల.”

తలుపు చాటు నుంచి పర్వీన్ తొంగి చూసింది. రెండేండ్లు కాచుకున్న కార్డు అది. దస్తగిరి ఆ అబ్బాయి ముఖాన్నే చూస్తున్నాడు.

అన్సర్ వంగాడు. కార్డును బయటికి లాగలేదు. వేలితో ఇంకొంచెం లోపలికి తోసి, స్టూలు కదిపి చూశాడు.

“ఇప్పుడు గట్టిగుంది జేజీ. చాయ్ ఇయ్యి.”

దస్తగిరి కాసేపు మీసం దువ్వుకున్నాడు. తరవాత లోపలికి కేకేశాడు. “పర్వీన్, వల్లూరు వాళ్ళకు ఫోన్ చేసి మాట చెప్పేస్తాండా. వేరే చోట కుదిరిందని.”

లోపల ఏదో గిన్నె కింద పడింది.

సాయంత్రం బస్సు జమ్మలమడుగు దగ్గరికొచ్చాక అన్సర్‌కు ఫోన్ వచ్చింది.

“నీ కార్డు స్టూలు కిందనే ఉండిపాయ.”

“ఉండనీ. తీస్తే చాయ్ ఒలికిపోతాది.”

“మరి శనివారం ఎట్ల వస్తావు? కార్డు ల్యాకుండా?”

అన్సర్ కిటికీకి తల ఆనించి, ఒక్కడే నవ్వుకున్నాడు. ఈసారి ఆమె అన్నా అనలేదు. సార్ అని కూడా అనలేదు.

“పిలువు,” అన్నాడు.

అవతల గాజులు గలగలమన్నాయి.

“పిలుస్తాండా,” అంది పర్వీన్.