జంటకొమ్ముల కొండలో తోలుబొమ్మలు

గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసే ఖాదర్ వలీకి పాత పుస్తకాల పిచ్చి. హక్కుల గడువు తీరిపోయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చని కంప్యూటర్లో పెట్టిన నూరేళ్ల నాటి పుస్తకాలు కనబడితే ఆయనకు అన్నం కూడా అక్కర్లేదు. దొరల యాత్రలు, నేతపని, కుండలపని, జానపద కథలు... ఏది దొరికితే అది, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేస్తాడు. బర్మాలో గొడుగులు ఎలా చేస్తారో గడగడా చెప్పగలడు గాని, తన ఇంట్లో గొడుగు ఎక్కడుందో అడిగితే తెల్లమొహం వేస్తాడు.

అటువంటి వలీ కార్తీకమాసంలో ఒక ఉదయం, నాలుగు కాగితాలు చేతపట్టుకుని, సైకిలుకు స్టాండైనా వేయకుండా బొమ్మలాటవాళ్ల వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు.

"హనుమక్కా! మీ తాతల బొమ్మలు దొరికినాయమ్మా! అంటే... ఇంకా దొరకలేదు. యాడుండాయో తెలిసింది!"

వాకిట్లో కూర్చుని మేకతోలు మీద దీపం తొడుగుకు నెమలిని చెక్కుతున్న హనుమక్క ఉలి కింద పెట్టింది. ఆమెకు ముప్పై ఆరేళ్లు. చెయ్యి తిరిగిన పనిమంతురాలు. కాని పోయిన వేసవిలో కొట్టం అంటుకుని ఆ ఇంటి తోలుబొమ్మలన్నీ బూడిదైపోయాక ఆమె చేతికి నెమళ్లూ పువ్వులే మిగిలాయి. తోలుబొమ్మ అలవోకగా గీసేది కాదు. పాత బొమ్మ మీద కొత్త తోలు పరిచి, దాని గీతలు దించుకుంటారు. తండ్రి బొమ్మ మీద కొడుకు, కొడుకు బొమ్మ మీద మనవడు. దించుకోవడానికి ఒక్క పాత బొమ్మయినా మిగలకపోతే ఆ ఇంటి రాముడి ముఖం, సీత ముఖం ఇక లోకంలో లేనట్టే.

అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నది ఆమె అన్న గోవిందప్ప. తెర వెనక నిలబడి పాట ఎత్తుకుంటే మూడూళ్లకు వినిపించే గొంతు అతనిది. మంటల రోజు నుంచి ఆ గొంతు పాట పాడలేదు. బొమ్మల ముఖాల గురించి అడిగితే ఏమీ గుర్తు లేదంటాడు. శివరాత్రికి బొమ్మలు లేకపోతే మేళం ఎత్తేసి, పట్నంలో కాపలా పనికి పోతానని తేల్చి చెప్పేశాడు. అతను పోతే మిగిలిన వాళ్లూ తలో దిక్కు పోతారని హనుమక్కకు తెలుసు.

వలీ కాగితాలు విప్పాడు. నూట నలభై ఏళ్ల కిందటి ధాత కరువులో ఈ సీమంతా తిరిగిన ఒక సర్వే దొర తన యాత్రల పుస్తకంలో ఈ ఊరి పేరు రాశాడు. తిండి లేక వలసపోతున్న బొమ్మలాటవాళ్లు నల్లమలలో జంటకొమ్ముల కొండ దగ్గర ఆయన డేరా ముందు ఆఖరి ఆట ఆడారట. మోయలేని బొమ్మలను ఒక గవిలో, కొండగుహలో, దాచామని చెప్పారట. మేళం పెద్ద, దారిని తోలు ముక్క మీద చిల్లులుగా పొడిచి, తెరకు ఆనించి దీపం వెలుగులో చూపిస్తే, ముందు కూర్చున్న దొర చూసింది చూసినట్టు పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. అదే ఈ పటం. రెండు కొమ్ముల కొండ, దాని పాదం దగ్గర రెండుగా చీలే వాగు, ఎడమ పాయ చివర, పొట్టి కొమ్ము కింద ఒక చుక్క.

"నూట నలభై ఏండ్ల నాటి తోలా? ఎప్పుడో చెదలు తినింటాది" అన్నాడు గోవిందప్ప గోడకు తిరిగి.

"తినిందో లేదో సూసొస్తా" అంది హనుమక్క.

రెండో రోజుకి హనుమక్క, వలీ నల్లమల అంచున చెంచుగూడెంలో ఉన్నారు. అటవీ కచేరీ అనుమతి కాగితం సంపాదించి, దారి చూపడానికి ఒప్పుకున్నవాడు అంకన్న. తేనె తీయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. నడుముకు తాడు, వీపున మూత బిగించిన ఖాళీ తేనె డబ్బా లేనిదే అడవిలోకి అడుగుపెట్టడు.

"వాయుగుండం అని రేడియోలో చెప్పినారు. మబ్బు ముసిరిందంటే మనం తిరిగొచ్చేయాల. బొమ్మలు దొరికినా, దొరకకపోయినా" అని ముందే షరతు పెట్టాడు.

ముగ్గురూ నడిచారు. మోకాళ్లెత్తు బోదగడ్డి, దుస్తులు పట్టి లాగే తుప్పలు, అడుగు తీస్తే జారే పలకరాళ్లు. వలీ ప్రతి చెట్టు దగ్గరా ఆగి దొర దాని గురించి ఏం రాశాడో చెప్పబోయాడు. "సారూ, దొర సంగతి తరవాత. కాళ్ల కాడ సూడు" అని అంకన్న గసిరాడు. ఆయన కాళ్ల దగ్గర నుంచి ఒక జెర్రిపోతు సరసరా పాకిపోయింది. అటు తరువాత రెండు మైళ్లు దొర ఊసు రాలేదు.

వాగు రెండుగా చీలిన చోట పటంలో ఉన్నట్టే ఎడమ పాయ పట్టుకుని ఎక్కారు. గంటసేపు ఎక్కాక ఎదురుగా నిట్టనిలువు బండ. గవి లేదు, చిన్న బిలమైనా లేదు. బండ నిండా నల్లగా వేలాడే కొండతేనె పట్టులు మాత్రం ఉన్నాయి.

"ఆ పొద కింద ఏమైనా ఉందేమో!" అంటూ వలీ కర్రతో పొదను కొట్టాడు. అంకన్న వద్దనే లోపు జరగవలసింది జరిగిపోయింది. బండ మీద నలుపు ఒక్కసారి కదిలి, ఝుమ్మని గాలిలోకి లేచింది.

"దూకండి! నీళ్లలో దూకండి!"

మూటలు గట్టున పడేసి ముగ్గురూ వాగు మడుగులోకి దూకారు. ఊపిరి బిగబట్టి, ముక్కులు మాత్రం పైకి పెట్టి, ఈగలు శాంతించేదాకా అలాగే ఉన్నారు. బయటికి వచ్చేసరికి వలీకి చెవి ఉబ్బి బూరె అయింది. జేబులో ఫోను నీళ్లు తాగి చచ్చింది. ప్లాస్టిక్ కవరులో ఉన్న దొర పటం మాత్రం చుక్క తడవలేదు.

"ఈ దొరకు కండ్లు సరిగా లేవు" అన్నాడు వలీ ఏడుపు గొంతుతో, బండ మీద కూలబడి. "సూడు, పొట్టికొమ్ము ఎడమకు గీసినాడు. మన నెత్తిన ఉన్నది పొడుగుకొమ్ము. నాదే తప్పమ్మా. ఆశపెట్టి తీసుకొచ్చినా."

ఒట్టి చేతులతో ఇంటికి పోయి అన్న ముఖం ఎలా చూడాలా అనుకుంటూ హనుమక్క తడిసిన కొంగు పిండుకుంది. అంతలో మబ్బు చీలి ఎండ చురుక్కుమంది. వలీ కాగితాన్ని తలకు అడ్డం పెట్టుకున్నాడు. బొమ్మ ఉన్న వైపు ఎండకు, ఖాళీ వైపు హనుమక్కకు. ఎండ కాగితంలోంచి దిగి గీతలు వెనక వైపుకు తేలాయి. ఎడమన పొడుగుకొమ్ము, కుడిన పొట్టికొమ్ము. తలెత్తి చూస్తే ఎదుటి కొండ అచ్చం అలాగే ఉంది.

"కదలొద్దు! వలీ అన్నా, కాగితం అట్లే పట్టుకో!" అని ఆమె కేక పెట్టింది. "దొర తప్పు గీయలే. మావాళ్లే! మా తాత తెర వెనక నిలబడి చూపించినాడు, దొర తెర ముందర కూర్చుని సూసినాడు. ఆడించేవాళ్లకు కుడి అయితే సూసేవాళ్లకు ఎడమ. బొమ్మలయితే మేం తిప్పి పెడతాం. దారి తిప్పి పెట్టాలని ఆ ఆకలిలో తాతకు తోచలే!"

అంకన్న అప్పటికే తాడు భుజాన వేసుకున్నాడు. "కుడిపాయ కదా, పాండి! మబ్బు మల్లా మూసుకుంటాంది."

కుడిపాయ చివర, పొట్టికొమ్ము కింద, ఊడలపొద వెనక గవి నోరు తెరుచుకుని ఉంది. లోపలి నుంచి సన్నని నీటి ధార పారి వస్తోంది. పది బారల దూరం బొడ్డు మీద పాకాలి. చీకటి, బురద, గబ్బిలాల కంపు. మబ్బును కనిపెడుతూ అంకన్న బయటే నిలబడ్డాడు. గబ్బిలాలంటే వలీకి చచ్చే భయం. అయినా కళ్లు మూసుకుని, పాత పుస్తకాల పేర్లు వరసగా వల్లె వేసుకుంటూ పాకాడు.

ఇరుకు దాటగానే లోపల గుడి మండపమంత ఖాళీ. పక్కన నిలువెత్తున అటకలాగా ఒక రాతి అరుగు. టార్చి వెలుగు అటు తిప్పుతూ హనుమక్క పైకి ఎక్కింది, ఆమె వెనకే వలీ. రెండు రాళ్ల మధ్య వెదురు గడ. దానికి వరసగా వేలాడుతూ పద్నాలుగు తోలుబొమ్మలు!

"యా అల్లా!" అని వలీ ఆనందం పట్టలేక హనుమంతుడి తోక ముట్టుకున్నాడు. అది అప్పడంలా చిట్లి పొడిపొడిగా రాలింది.

"ముట్టుకోవద్దు!" హనుమక్క కెవ్వుమంది.

తడి అందని ఆ ఎత్తున గాలి పొడిగా ఉండి బొమ్మలను కాపాడింది గాని, తోలులోని సత్తువంతా పీల్చేసింది. గడ నుంచి దించితే ఒక్కటీ మిగలదు. ఇంత దూరం వచ్చి, కంటికెదురుగా ఉన్నదాన్ని ఇంటికి తీసుకుపోలేమని తెలిసి ఆమె అరుగు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంతసేపో కాదు. కళ్లు తుడుచుకుని లేచి, "అన్నా, నీ మూటలో పక్కదుప్పటి తియ్యి. తెల్లదే కదా" అంది.

వలీకి వెంటనే అర్థమైంది. దుప్పటిని బొమ్మకు తగలకుండా ముందు పరదాలా బిగించి పట్టుకోవడం ఆయన వంతు. బొమ్మ వెనక టార్చి పెట్టారు. బట్ట మీద ఎరుపు, ఆకుపచ్చ, నలుపు భగ్గుమన్నాయి. రాముడి కిరీటంలో ప్రతి చిల్లూ ఒక చుక్కై వెలిగింది. నూట నలభై ఏళ్ల తరువాత వాటి వెనక మళ్లీ దీపం పడింది. అంకన్న దారిలో ఏరిన బొగ్గుముక్కతో హనుమక్క చేయి బట్ట మీద పరుగెత్తింది. ఒళ్లూ చీరా ఆమె ఊహించి చెక్కుకోగలదు. ముఖాలు, కిరీటాలు, చేతివేళ్లు మాత్రం దించుకోవాలి. రాముడు అయ్యాడు. లక్ష్మణుడు అయ్యాడు. పది తలల రావణుడికి చెయ్యి తిమ్మిరెక్కింది.

తొమ్మిదో బొమ్మగా సీత. అప్పుడే ఇరుకు అవతలి నుంచి, కాపలాగా నిలబడిన అంకన్న కేక వినబడింది.

"వాన పట్టుకుంది! నీళ్లొస్తాండాయి, బయటికి రండి!"

"ఒక్క నిమిషం!"

అరుగు కింద ధార మోకాలెత్తు లేచింది. సీత ముక్కు, పెదవి, బుగ్గ, ఒక కన్ను... అంకన్న నీళ్లు చీల్చుకుంటూ లోపలికే వచ్చేశాడు. "అమ్మా, ఇరుకు మునుగుతాంది! ఇంక జానెడే ఖాళీ ఉండాది!"

"ఇంకొక్క కన్ను అంకన్నా!"

"కన్నుకు ప్రాణం ఇస్తావా?" అని అతను ఆమె రెక్క పట్టి లాగాడు. ఎన్నడూ ఎవరినీ గద్దించని వలీ కూడా, "చాలు! దిగు హనుమక్కా!" అని అరిచాడు.

ఆమె బొగ్గు వదిలేసింది. తేనె డబ్బాలో దుప్పటి కుక్కి అంకన్న మూత బిగించాడు. హనుమక్క బొమ్మల వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. తరువాత ముగ్గురూ ఒకే తాడుకు కట్టుకుని చల్లని నీళ్లలో మునిగారు. రాయి వీపును గీరింది. మధ్యలో వలీ ఇరుక్కుపోతే అంకన్న ముందు నుంచి లాగాడు, హనుమక్క వెనక నుంచి తోసింది. ఊపిరి ఇక ఆగదనుకునేసరికి తలకు గాలి తగిలింది. మరుక్షణం వాగు వాళ్లను పొదలోకి విసిరేసింది. బురదలో వెల్లకిలా పడి, ఉబ్బిన చెవి పట్టుకుని, వలీ పగలబడి నవ్వాడు.

మరునాడు బొమ్మలాటవాళ్ల వీధిలో దుప్పటి విప్పారు. దానికి అంటిన తేనె వాసనకు వీధిలోని చీమలన్నీ వచ్చాయి. జనం చీమలను దులుపుతూ చూశారు. రాముడిని చూసి ముసలివాళ్లు చెంపలు వేసుకున్నారు. గవిలో ఉన్నవాటిని కాపాడే నిపుణులు దొరుకుతారేమోనని వలీ మ్యూజియానికి ఉత్తరం రాసే పనిలో పడ్డాడు.

గోవిందప్ప మాత్రం గోడకు ఆనుకుని దూరంగానే కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి వచ్చి సీత ముఖం దగ్గర ఆగాడు.

"ఈ రెండో కన్ను ఏమైంది?"

"నీళ్లొచ్చినాయన్నా. గీయలేకపోయినా. నాకు గుర్తు లేదు."

అతను గొంతుక్కూర్చుని ముఖం వంక తదేకంగా చూశాడు. పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకున్నాడు. ఏమీ గుర్తు లేదని ఆరు నెలలుగా చెబుతున్న మనిషి, ఒక్క ఊపులో కన్ను గీశాడు.

"కింది రెప్ప కొంచెం వాలాల. అశోకవనంలో ఉండే తల్లి కదా" అన్నాడు. అంటూనే తనకు తెలియకుండా సీతమ్మ శోకం పాట ఎత్తుకున్నాడు. బొంగురుపోయి, మధ్యలో తెగి, మళ్లీ అందుకుని ఆ గొంతు వీధి చివరిదాకా పోయింది. హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చేసింది.

చరణం పూర్తి కాకుండానే అతను ఆపి చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏడుస్తా కూర్చుంటే ఎట్ల? శివరాత్రికి ఎన్నాళ్లుండాదో తెలుసునా నీకు? మేకతోలు నానేసినావా, లేదా?"