తోడు కుర్చీ

ఆరో మలుపు దగ్గర హైమావతికి ఊపిరి అందలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తొడలు భగ్గుమంటున్నాయి. పాదాలు మాత్రం గుడారంలో పరిచిన పట్టా మీద కదలకుండా ఉన్నాయి.

“ఎలా ఉంది?” అంది డాక్టర్ నళిని, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

“పర్లేదు. రానీ.”

అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కాఫీ తోటల మధ్య, హైమావతి కూతురు ధాత్రి మౌంటెన్ బైక్ మీద బురద వాలు ఎక్కుతోంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఎక్కుతున్నది ఆ పిల్ల. రొప్పుతున్నది తల్లి.

సైకిల్ పోటీల్లో ఆ కుర్చీని అనుమతించింది ఆ ఏడాదే. అలసట కండల్లో పుట్టినా, దాన్ని అనుభవించేది మెదడు. ‘ఇక చాలు’ అని తొడ నుంచి తలకి కబురు వెళ్తుంది. నళిని చేసిందల్లా ఆ కబురుని దారి మళ్ళించడం. హెల్మెట్‌లోని సెన్సర్లు దాన్ని పట్టుకుంటాయి. పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు రేడియో సిగ్నల్‌గా గుడారానికి వస్తాయి. అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి వాటిని భరిస్తుంది. ఆ మనిషిని కాగితాల్లో రిసీవర్ అన్నారు. జనం తోడు అన్నారు.

కబురు దారి మళ్ళినా కండ అలిసిపోవడం ఆగదు. అందుకే కుర్చీ చేతికి ఒక ఎర్ర బటన్. బాధ హద్దు దాటగానే తోడు దాన్ని నొక్కాలి. సైకిల్ హ్యాండిల్ మీద గంట మోగుతుంది. తొక్కేవాళ్ళు నెమ్మదించాలి. తమ కాళ్ళు ఏ స్థితిలో ఉన్నాయో వాళ్ళకి తెలియదు మరి.

కొండ పోటీలు అయిదు జరిగాయి. ధాత్రి మూడు గెలిచింది. తర్వాత రోడ్డు పోటీలు మూడు. అన్నీ కలిపి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్ళకి జాతీయ జట్టులో చోటు. ఆ ఒక్క చోటుకి ధాత్రి అందరికన్నా దగ్గరలో ఉంది.

హైమావతికి గోపాలపట్నంలో టైలరింగ్ షాపు. బ్లౌజు కోసం వచ్చినవాళ్ళు పోటీ కబుర్లు వినకుండా బయటపడలేకపోయేవారు.

“ఆరో మలుపులో చక్రం జారింది చూడండీ, పిక్కలో మేకు దిగినట్టయింది. వదిలానా? వదల్లేదు!”

“పాపం, అమ్మాయికి ఎంత కష్టమో.”

“అమ్మాయికేం? హాయిగా తొక్కుకుంటూ పోయింది. కష్టమంతా నాదే!” అని నవ్వేది. టీవీవాళ్ళు వస్తే వాళ్ళకీ తనే చెప్పింది. ధాత్రి పక్కన నిలబడి మెడలో పతకం సర్దుకుంది.

మొదటి రోడ్డు పోటీకి వారం ముందు, అన్నం తింటూ తలెత్తకుండా అంది ధాత్రి.

“అమ్మా, ఈసారి తోడుగా వేరే ఆవిణ్ణి పెట్టుకున్నాను. నూకమ్మ అని, ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంపలు మోస్తుంది. నళిని మేడమ్ చూపించారు.”

హైమావతి చేతిలో గరిటె ఆగిపోయింది. “నాకేమొచ్చింది?”

“నీకు మోకాళ్ళ నొప్పులు కదా.”

“నా మోకాళ్ళ గురించి నీకు నేను చెప్పానా?”

ధాత్రి మజ్జిగ పోసుకుంది.

భీమిలి బీచ్ రోడ్డు మీద పోటీ. హైమావతి రానని చెప్పి కూడా వచ్చింది. గుడారం గుమ్మంలో నిలబడి కుర్చీలోని మనిషిని చూసింది. సవతిని చూసినట్టు చూసింది.

నూకమ్మ నల్లగా, బిగువుగా ఉంది. నడినెత్తి మీద గంప కుదురు చేసిన గుంట. కళ్ళు మూసుకుని, బుగ్గన కిళ్ళీ పెట్టుకుని, అలసటని అలవాటైన చుట్టంలా రానిస్తోంది. రెండుసార్లు కళ్ళు తెరవకుండానే ఎర్ర బటన్ నొక్కింది. ధాత్రి రెండో స్థానంలో వచ్చింది.

“నిద్రపోయావేమో అనుకున్నాను,” అంది హైమావతి.

“అలుపు నాకు కొత్తేటమ్మా? గంపతో మూడంతస్తులెక్కినట్టే ఉంది.” నూకమ్మ వైర్లు తీయించుకుంటూ గొంతు తగ్గించింది. “మీ పిల్లకి ఎడం మోకాలెనక నరం లాగతాది. తెలుసేటి? కాస్త నువ్వులనూనె రాయండి.”

తెలుసు. అనంతగిరిలో మొదటి రోజే తెలిసింది. ఆ నరం లాగినప్పుడల్లా, తొమ్మిది నెలలు మోసిన రోజులు మళ్ళీ వచ్చినట్టుండేది. ఇప్పుడది ఎవరో చేపలమ్మి నోటి నుంచి, ఊసుపోక చెప్పినట్టు!

ఆ వారం హైమావతి రెండు బ్లౌజులు తప్పు కొలతలతో కత్తిరించింది. మిషను తొక్కుతుంటే కాళ్ళు బోలుగా అనిపించేవి. కూతురు ఇంట్లోనే ఉంది. అన్నం పెడితే తింటోంది. అయినా దాని ఒంట్లో ఏం జరుగుతోందో అంతా ఆ హార్బరు మనిషికే తెలుసు.

రెండో పోటీ కైలాసగిరి ఎక్కే రోడ్డు మీద. సైకిళ్ళు వరసలో నిలబడ్డాయి. నళిని టైమర్ చూడ్డానికి శిఖరం దగ్గరికి వెళ్ళింది. హైమావతి గుడారంలోకి వచ్చింది.

“నూకమ్మా, డాక్టరుగారు ఇవాళ నన్ను కూర్చోమన్నారు. నువ్వెళ్ళి టీ తాగు.”

నూకమ్మ ఆమెని తేరిపార చూసింది. “మీ పిల్ల, మీ ఇష్టం. బటన్ మాత్రం మరిసిపోకండి. ఇయ్యాల కొండెక్కాల.”

కుర్చీలో హైమావతి పాత కొలతలు ఇంకా ఉన్నాయి. వైర్లు పెట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. తుపాకీ పేలింది. కాసేపటికి తొడల్లోకి ఆ వేడి దిగింది. ఎడం మోకాలి వెనక నరం లాగింది. హైమావతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తల్లే, వచ్చావా అనుకుంది.

సగం కొండకి పిక్కలు రాళ్ళయ్యాయి. వేలు ఎర్ర బటన్ మీదికి వెళ్ళింది.

భీమిలిలో నూకమ్మ రెండుసార్లు నొక్కింది. పిల్ల రెండోదైంది. కన్నతల్లి కూర్చుని, అంతకన్నా ముందే నొక్కితే ఏం ముఖం పెట్టుకుని తిరగాలి?

వేలు వెనక్కి తీసుకుంది. పళ్ళు బిగించింది. ధాత్రి అందరినీ దాటిందని మైకు అరిచింది. హైమావతికి చూపు మసకబారింది. ఇంకా రానీ, ఇంకా రానీ అనుకుంది.

శిఖరానికి వంద గజాల ముందు ధాత్రి కాళ్ళు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. ముందు ఏ హెచ్చరికా లేదు. పెడల్ మీద పాదం కొయ్యలా నిలిచిపోయింది. సైకిల్ పక్కకి ఒరిగింది. పిల్ల రోడ్డు మీద పడింది.

మోచేయి చెక్కుకుపోయింది. భుజం వాచింది. అంతకుమించి దెబ్బ తగల్లేదు. పోటీ మాత్రం పోయింది. పాయింట్లలో ధాత్రి అయిదో స్థానానికి జారింది.

కట్టు కట్టించుకుంటూ ధాత్రి కుర్చీ వంక, దాంట్లోంచి ఇంకా లేవలేని తల్లి వంక చూసింది.

“నువ్వా?”

“నొక్కుదామనే అనుకున్నానే...”

“ఎందుకు నొక్కలేదు?”

హైమావతి ఒక్కో వైరూ పీక్కుంది. “ఆవిడ ఓర్చుకున్నంత నేను ఓర్చుకోలేనా?”

నళిని చేతిలోని టాబ్లెట్ కంప్యూటర్ని బల్ల మీద పెట్టింది. “అలసట వదిలించుకోవాలనుకుంటారని ఈ మిషను చేశానండీ. దానికోసం ఇలా కొట్టుకుంటారని అనుకోలేదు.”

“మీకు తెలీదు మేడమ్,” అంది ధాత్రి. “మూడు పోటీలు గెలిచాను. ఒక్కటీ గుర్తులేదు. ఎక్కడ ఊపిరాడలేదు, ఎక్కడ వదిలేద్దామనిపించింది, ఏం తెలీదు. అవన్నీ మా అమ్మకి గుర్తు! బ్లౌజులకొచ్చినవాళ్ళకి కథలు చెప్తుంది. నేను పక్కన నిలబడి, నా పోటీ గురించి అమ్మ దగ్గర వినాలి. ఎంత కుళ్ళుగా ఉండేదో తెలుసా? అందుకే నూకమ్మత్తని పెట్టుకున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులన్నది ఉత్త సాకు. ఆవిడైతే పోటీ అవ్వగానే మర్చిపోయి బస్సెక్కి వెళ్ళిపోతుంది.”

గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడ్డ నూకమ్మ, “అదీ నిజఁవే. నాకు ఇంటికెళ్తే వంటుంటాది,” అంది.

ఆఖరి పోటీ మాఘమాసంలో, లంబసింగి చలిలో. ధాత్రి మొదటి ముగ్గురిలో వస్తే జట్టులో చోటుకి ఇంకా ఆశ ఉంది. బయల్దేరే ముందు హెల్మెట్‌లోంచి సెన్సర్లు పీకి నళిని చేతిలో పెట్టింది.

“మిగతా అందరికీ తోడు ఉంది ధాత్రీ. చోటు పోతుంది,” అంది నళిని.

“తెలుసండీ.”

హైమావతి గమ్యానికి వెళ్ళే జీపెక్కింది.

గమ్యం దగ్గర, మంచులో, రోడ్డు పక్కన నిలబడింది. ఒక్కో సైకిల్ మంచులోంచి ఊడిపడుతోంది. లెక్కపెట్టింది. మూడు దాటాయి. ఏడు దాటాయి. పధ్నాలుగోది ధాత్రి. ముఖం పాలిపోయి, ముక్కు కారుతూ, అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. గీత దాటి, సైకిల్ వదిలేసి, గడ్డిలో కూలబడి వాంతి చేసుకుంది. వెల్లకిలా పడుకుని నవ్వడం మొదలుపెట్టింది.

హైమావతి పరుగున వెళ్ళి కూర్చుని, పిక్కలు పట్టబోయింది.

ధాత్రి కాళ్ళు దగ్గరికి లాక్కుంది. “వద్దమ్మా. కాసేపు ముట్టుకోకు.”

“ఎక్కడే నొప్పి?”

“చెప్పను.” కళ్ళు మూసుకుని, ఇంకా నవ్వుతూనే ఉంది. “ఇది నాది.”

హైమావతి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కూతురి పిక్కలో కండ చర్మం కింద చేపపిల్లలా ఎగిరెగిరి పడుతోంది. దాన్నే చూస్తూ కూర్చుంది. తన కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఎంత వెతుక్కున్నా వాటిలో ఎక్కడా నొప్పి లేదు.