ఐదున్నర గంటలు కలిపితే

శివజ్యోతికి నలభై నాలుగేళ్లు. పనిలో కూర్చుంటే చెప్పులు విప్పి, పాదాలు చల్లటి గచ్చుకు ఆనిస్తుంది. పాడైన మెమరీ కార్డుల్లోంచి ఫోటోలూ మాటలూ బయటికి తీసే షాపు ఆమెది, కర్నూలులో.

మే నెల. మధ్యాహ్నం వేడికి వీధిలో కుక్క కూడా లేదు. కోయిలకుంట్ల నుంచి కృపమణి వచ్చింది. ఆమె కూతురు మహిమ ఉరేసుకుందని అల్లుడు జయరాజ్ చెబుతున్నాడు. మహిమ చర్చి పాటలు రికార్డు చేసుకునే చిన్న యంత్రాన్ని తల్లి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో వాడు కొట్టేది ఇనబడ్తాది జ్యోతమ్మా. పోలీసులు నమ్మరు. మధ్యాన్నం రెండు నలభైకి రికార్డయిందంట. అప్పుడు వాడు ఆలూరులో పెండ్లిలో ఉండాడంట. శానామంది చూసినారంట."

"ఇంటికెప్పుడొచ్చినాడు?"

"రాత్రి ఏడుకు. నిజం టైము కాగితం మీద రాసియ్యి తల్లీ."

మగవాడితో పాటు భోంచేసినవాళ్లంతా సాక్షులే. ఆడదాని అరుపు మాత్రం సాక్ష్యం కాదు.

కృపమణి వెళ్లాక శివజ్యోతి యంత్రంలో గడియారం చూసింది. కొన్ననాటి నుంచి ఎవరూ సరిచేయలేదు. లండన్ దగ్గరి గ్రీనిచ్ సమయంలోనే నడుస్తోంది. ఇలాంటి యంత్రంలోని కార్డు తన మీద రాసిన అంకెల్నే దాచుకుంటుంది, అవి ఏ దేశపు టైమో దాచుకోదు. మన టైము రావాలంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. రెండు నలభై అంటే రాత్రి ఎనిమిది పది.

అప్పటికి జయరాజ్ ఇంట్లోనే ఉన్నాడు.

జాబితా అడుగున ఇంకో రికార్డు కనిపించింది. ఇందాక లేదు. తేదీ ఇవాళ్టిదే... టైము మూడు ఐదు. గోడ గడియారంలోనూ మూడు ఐదే. ఐదున్నర కలిపింది.

రాత్రి ఎనిమిది ముప్పై ఐదు. ఆ టైము ఇంకా రాలేదు.

నొక్కింది. కుక్కర్ విజిల్. తన ఇంట్లోదే. లోపల కూతురు చంద్ర నవ్వు. తరువాత మగ గొంతు, మెత్తగా.

"అక్కా, నీ బిడ్డ కాలేజీ నుంచి ఆటోలో ఒంటరిగా వస్తాంటాది గదా. ఆ కార్డు నాకియ్యి."

తరువాత ఇంకో గొంతు... తనదే.

"తీసుకో అప్పా. ఎవరికీ చెప్పను."

ఆపైన, ఉరి బిగుసుకున్న ఆడ గొంతులోంచి గాలి లాగినట్టు...

"లెక్క మార్చొద్దక్కా..."

ఆ రాత్రి శివజ్యోతి పొయ్యి వెలిగించలేదు. తలుపుకు గడియ వేసింది. చంద్ర ఫోను చూసి నవ్వుతోంది. ఎనిమిదిన్నర దాటింది.

ఖాళీ వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది.

తలుపు చప్పుడైంది.

తెల్లారి కృపమణికిచ్చిన కాగితంలో శివజ్యోతి మధ్యాహ్నం రెండు నలభై అనే రాసి, కింద సంతకం పెట్టింది.