ఎర్రపెట్టలు కూసిన కేసు

తలుపు తట్టకుండానే తోసుకువచ్చిన ఆడమనిషి, డిటెక్టివ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. నలభై దాటిన వయసు. వేళ్ళ సందుల్లో కోడిపిల్లల నూగు ఇంకా అంటుకునే ఉంది.

"అమ్మా, సాయంత్రం అయిదింటికి నన్ను పోలీసులకు అప్పగిస్తారట. నేను దొంగనట!"

"అయిదింటికి ఇంకా ఆరు గంటల టైముంది. ముందు నీళ్ళు తాగండి," అంది డిటెక్టివ్.

అసిస్టెంట్ గ్లాసు అందించాడు. ఏడుస్తూ వచ్చినవాళ్ళను డిటెక్టివ్ ముందు నీళ్ళతో, తరవాత ప్రశ్నలతో దారికి తెస్తుందని ఆరేళ్ళుగా చూస్తున్నాడతను. ప్రతిసారీ ముచ్చటగానే ఉంటుంది.

వచ్చినామె కోడిగుడ్లు పొదిగించే ఒక హేచరీలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లల్ని పెట్టలూ పుంజులుగా వేరుచేయడం ఆమె పని.

"మా జాతిలో తండ్రికోడి ఎరుపు, తల్లికోడి తెలుపు. ఆ రెంటినీ బయటినుంచే తెస్తారు. వాటికి ఎర్రపిల్ల పుడితే పెట్ట, తెల్లపిల్ల పుడితే పుంజు. కళ్ళుంటే చాలమ్మా, చదువక్కర్లేదు."

"మరి తప్పెక్కడ జరిగింది?"

"గుడ్ల కోసం పెట్టపిల్లల్ని కొన్న రైతు దగ్గర సగం పుంజులు తేలాయి. మా ఓనరు బావమరిది వెళ్ళి చూసొచ్చాడు. నేను పెట్టెల్లో తెల్లపిల్లల్ని కలిపేసి, ఎర్రపిల్లల్ని బయట అమ్ముకున్నానని చెప్పాడు. రంగు చూసి చేసే పనిలో పొరపాటేంటి, ఇది కావాలని చేసిందేనని ఓనరుగారు తేల్చేశారు. పనివాళ్ళందరి ముందూ దొంగ అన్నారు."

"ఆ తల్లికోళ్ళను మీరెప్పుడైనా చూశారా?"

"మేం వాటి షెడ్డు గడప తొక్కకూడదమ్మా, తెగులు మోసుకెళ్తామని. అక్కడి పెత్తనమంతా బావమరిదిదే."

"ఓనరు వెళ్ళరా?"

"వెళ్ళాలంటే స్నానం చేసి, అక్కడిచ్చే బట్టలే కట్టుకోవాలి. మా ఓనరుకు పట్టే జత అక్కడ లేదు."

అసిస్టెంట్ నవ్వాపుకున్నాడు. డిటెక్టివ్ బ్యాగు తీసుకుని లేచింది.

రైతు వాళ్ళను చూస్తూనే అందుకున్నాడు. "రండి రండి, మా కచేరీ వినండి! రెండున్నర నెలలు మేపాను. పెరిగి గుడ్లు పెడతాయనుకుంటే పాటలు పాడుతున్నాయి!"

షెడ్డు నిండా ఎర్రకోళ్ళే. వాటిలో సగానికి సగం పెద్ద పెద్ద జుట్లతో మెడలు నిక్కించి కూస్తున్నాయి.

"తెల్లవాటిని వేరేచోట ఉంచారా?" అడిగింది డిటెక్టివ్.

"తెల్లవా? ఒక్క తెల్లకోడిని చూపించండి, చెప్పు తీసి నన్ను కొట్టండి."

"మీ చెప్పు భద్రంగా తొడుక్కోండి. సాయంత్రం హేచరీకి రావాలి," అందామె.

అక్కణ్ణుంచి, ఓనరుతో ఫోన్లో మాట్లాడి, తల్లికోళ్ళ షెడ్డుకు వెళ్ళారు. డిటెక్టివ్ స్నానం చేసి, కాపలాదారు ఇచ్చిన వదులు బట్టలు కట్టుకుని లోపలికి వెళ్ళింది. అసిస్టెంట్ కంచె అవతల నిలబడి వలలోంచి చూశాడు. ఎర్రపెట్టల మధ్య తెల్లపుంజులు పెళ్ళికొడుకుల్లా తిరుగుతున్నాయి.

"ఈ మంద గుడ్లు పెట్టబట్టి ఎన్నాళ్ళయింది?" కాపలాదారును అడిగిందామె.

"నాలుగు నెలలండి. పాతమందను అప్పుడే తీసేశారు."

బయటికి వచ్చాక అసిస్టెంట్ అన్నాడు, "భలే అందంగా ఉన్నాయి మేడమ్."

"ఏవి ఏ రంగో గుర్తుపెట్టుకో."

అయిదుకు పావుగంట ముందు హేచరీలో పిల్లల్ని వేరుచేసే గదిలో అందరూ కూడారు. ఓనరు, ఆయన బావమరిది, రైతు, గోడకు ఆనుకుని కేసు తెచ్చినామె.

"ఈమె తెల్లపిల్లల్ని కలిపి ఉంటే రైతు దగ్గర తెల్లపుంజులు కూయాలి," అంది డిటెక్టివ్. "కూస్తున్నవి ఎర్రపుంజులు. అంటే పెట్టెల్లోకి వెళ్ళినవి ఎర్రపిల్లలే. ఈమె పని తు.చ. తప్పకుండా చేసింది."

"ఎర్రపుంజా? మా జాతిలో అది పుట్టదు!" అన్నాడు ఓనరు.

"మీ జాతిలో పుట్టదు. మీ షెడ్డులో పుంజులు ఏ రంగు?"

"ఎరుపు."

"తెలుపు. పెట్టలు ఎరుపు. ఇద్దరం చూశాం."

అసిస్టెంట్ చెవులు వేడెక్కాయి. చూశాడు నిజమే, అందం తప్ప ఇంకేమీ చూడలేదు.

"ఎర్రతండ్రికీ తెల్లతల్లికీ పుడితే కూతురికి తండ్రి రంగు, కొడుక్కి తల్లి రంగు. ఈ లెక్క ఒక్క తరానికే. ఆ అన్నాచెల్లెళ్ళనే జతకట్టిస్తే తరవాతి తరంలో రంగు చూసి ఏదీ చెప్పలేం. ఎర్రపిల్లల్లో సగం పెట్టలు, సగం పుంజులు. రైతుగారికి అందింది సరిగ్గా అదే." ఆమె బావమరిది వైపు తిరిగింది. "కొత్తమంద కోసం బయటినుంచి తెప్పించిన పిల్లలు ఏమయ్యాయండీ?"

"బావా, ఈవిడ ఏదేదో..."

"అడిగినదానికి చెప్పరా," అన్నాడు ఓనరు.

బావమరిది నిజం కక్కాడు. "వచ్చిన మర్నాడే స్నేహితుడి పెళ్ళికని వెళ్ళాను బావా. వెచ్చబెట్టే బల్బులు ఆరిపోయాయి. తిరిగొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. నీకు చెబితే గెంటేస్తావని, మన దగ్గర పుట్టినవే తెచ్చి పెంచాను. ఏదైతేనేం, కోడి కోడేగా అనుకున్నాను."

"ఇక్కడ పుట్టిన పెట్టలన్నీ ఎరుపు, పుంజులన్నీ తెలుపు. రెండూ కావాలంటే అలాగే తీసుకోవాలి. షెడ్డు తలకిందులైంది అందుకే," అంది డిటెక్టివ్. "రైతు దగ్గర ఎర్రపుంజుల్ని చూడగానే మీకు విషయం అర్థమైంది. తెల్లవని అబద్ధం చెప్పి ఈమె మెడకు చుట్టారు."

ఓనరు గోడ దగ్గరి ఆమెతో మెల్లగా అన్నాడు, "జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోకమ్మా. ఇవాళ్టి పిల్లలు ట్రేల్లోనే ఉన్నాయి. వీటినెలా వేరుచేయడం?"

"రంగు పనికిరాదు. ఒక్కోదాన్నీ తిరగేసి, తోక కింద చూసి చెప్పాలి. ఇక్కడ నాకొక్కదానికే వచ్చు."

"అయితే మొదలుపెట్టు."

ఆమె కదల్లేదు. "దొంగ అన్నది అందరి ముందూ అన్నారు. కాదన్న మాట మాత్రం ఈ గదిలోనేనా?"

ఓనరు డిటెక్టివ్ వైపు చూశాడు. ఆమె వాచీ చూసుకుంటోంది. ఆయన బరువుగా లేచి, తలుపు బార్లా తీసి, పనివాళ్ళందరినీ రమ్మని కేకేశాడు.

ఆఖరి మనిషి లోపలికి వచ్చి, ఓనరు నోరు విప్పి, ఆ మాట పూర్తిగా చెప్పేదాకా ఆమె ఒక్క పిల్లనూ చేతికి తీసుకోలేదు.