బోర్డు మీద ఎవరి పేరు?

కాఫీ గ్లాసు చేతికందిస్తూనే భార్య మళ్ళీ అదే మాట ఎత్తింది. బోర్డు రాసే అతను భోజనాల వేళకి ముందే వస్తాడట, ఈలోగా ట్యూషన్‌కి పేరేదో తేల్చి పెట్టమన్నాడట, అమ్మాయి కనుక్కోమంటోందట. మాస్టారు కాఫీ ఊదుకుంటూ వీధి గదిలోకి చూశారు. కనుక్కోమన్న ఆ అమ్మాయి నాలుగడుగుల దూరంలోనే ఉంది. గోడకి బిగించిన తెల్లబోర్డు వంకరగా ఉందేమోనని తల పక్కకి వాల్చి చూసుకుంటోంది. ఆయన గుటక వేసిన చప్పుడు కూడా వినిపించేంత దగ్గర.

"ఇంకా తేల్చడానికేముంది? దాని పేరే పెట్టుకోమని చెప్పు," అన్నారు మాస్టారు భార్యతో.

భార్య ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళింది. చెప్పింది. తిరిగొచ్చింది. "మీ పేరే పెట్టాలంటోందండీ. మీ పేరు తప్ప ఇంకేదీ వద్దంటోంది."

మాస్టారికి కాఫీ చేదెక్కింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. ఈయన అమ్మాయి పేరంటారు, అమ్మాయి నాన్న పేరంటుంది, మధ్యలో ఆ ఇల్లాలు రాయబారాలు నడుపుతూ కాళ్ళరిగేలా తిరుగుతుంది. కాపురానికొచ్చినప్పుడు కూడా ఆవిడ ఇంత తిరిగి ఉండదు. పోనీ ఇద్దరికీ పంతమా అంటే అదీ కాదు. ఎవరి పంతమైనా తన పేరు కోసం ఉంటుంది గానీ ఎదుటివాళ్ళ పేరు కోసం ఉంటుందా? ఈ లెక్క ఎటు నుంచి చేసినా తెగడం లేదు. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి అది మరీ చిన్నతనంగా ఉంది.

అసలు తండ్రీ కూతుళ్ళకి మాటలు ఆగిపోయింది ఆమె ఉద్యోగం మానేసినప్పుడు. ఆయన జీవితమంతా పనిచేసి రిటైరైన బడిలోనే ఆమె సైన్సు టీచరుగా చేరింది. చేరినప్పుడు ఆయన నేల మీద నడవలేదు. అలాంటిది ఒక మధ్యాహ్నం రాజీనామా ఇచ్చేసి ఇంటికొచ్చేసింది. ఆ సంగతి ఆయనకి తెలిసింది ఇంట్లో కాదు, కూరగాయల కొట్టు దగ్గర, హెడ్మాస్టరు నోటి వెంట. చేతిలో సంచీతో నిలబడి, తెలుసన్నట్టు తలూపి, తెలియని మొహంతో ఇంటికొచ్చారు. ఎందుకు మానేశావని అడగలేదు. తనంతట తను చెబుతుందని చూశారు. అడుగుతారని ఆమె చూసినట్టుంది. మొదట్లో అది కోపమే. తర్వాత బిగువు. ఆ తర్వాత అలవాటైపోయింది. "అమ్మా, నాన్నకి చెప్పు," అని ఆమె, "దానికి చెప్పు," అని ఈయన, ఒకే కప్పు కింద బతుకుతున్నారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆయన మొక్కలకి నీళ్ళు పోస్తుంటే భార్య పక్కన చేరి ఈ ట్యూషన్ ఊసు చెవిన వేసింది. అమ్మాయి లోలోపల కుమిలిపోతోందని, నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పుకునేలా చేస్తే తేరుకుంటుందని, ఆయన కూడా లెక్కలు చెబుతానంటేనే అది కదులుతుందని చెప్పింది. తన కోసమని మాత్రం దానికి తెలియనివ్వకండి, అభిమానపడుతుంది అని మరీ మరీ చెప్పింది. నిజానికి మాస్టారికి చాక్‌పీసు మొహం చూడాలని లేదు. మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం పాత రేడియోలు విప్పి బాగుచేసుకోవడం, రిటైరయ్యాక ఆయన కోరుకున్న సుఖం అంతే. అయినా కూతురి కోసం కదా అని ఊపిరి బిగబట్టి సరేనన్నారు. రేడియోలన్నీ అటక మీదికెక్కించి వీధి గది ఖాళీ చేసిచ్చారు. బల్లలకి కొత్త కాళ్ళు వేయించారు. ఇంత చేస్తే ఆ పిల్ల తన పేరు పెట్టుకోవడానికి ఎందుకింత మొండికేస్తోందో ఆయనకి అంతుపట్టడం లేదు.

బోర్డు అతను అన్నట్టే ఎండెక్కకముందే దిగాడు. గుమ్మం పైన టేపు పెట్టి కొలుచుకున్నాడు, రంగులు చూపించాడు, అడక్కుండానే సలహాలిచ్చాడు. ఈ మధ్య అందరూ టాపర్స్ అనో ర్యాంకర్స్ అనో రాయించుకుంటున్నారట. పేరులో దమ్ము లేకపోతే పిల్లలు గుమ్మం తొక్కరట. మాస్టారు అదంతా విని, అవేమీ వద్దు, మా అమ్మాయి పేరు పెద్దక్షరాల్లో రాసి కింద ట్యూషన్లు అని రాసెయ్ అన్నారు.

లోపలినుంచి కూతురు గుమ్మంలోకొచ్చింది. తండ్రి మొహం చూడకుండా తల్లిని పిలిచింది. "అమ్మా, అది కుదరదని చెప్పు. నాన్న పేరు రాయమను."

బోర్డు అతను బ్రష్షు చెవి వెనక దోపుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ ఓనరు ఎవరండీ?" అని అడిగాడు.

తండ్రి కూతురి వైపు చూపించారు. కూతురు తండ్రి వైపు చూపించింది. రెండు చేతులూ ఒకేసారి లేచాయి. అతను ఇలాంటి వ్యాపారం ఎక్కడా చూడలేదన్నట్టు ముక్కు మీద వేలేసుకున్నాడు. ఆ ఇల్లాలు చటుక్కున ముందుకొచ్చి, నువ్వలా వీధి చివరిదాకా వెళ్ళి టీ తాగిరా బాబూ అని అతన్ని పంపించేసింది. పరాయి మనిషి ముందు తన కూతురు తనని తోసిపుచ్చిందని మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. ఆ విసురులో మధ్యవర్తి సంగతే మరిచిపోయి సూటిగా కూతురినే అడిగేశారు.

"బోర్డు మీద నీ పేరుంటే నీకొచ్చిన నష్టమేమిటి?"

ఆమె కళ్ళెత్తి చూసింది. "మీ పేరుంటే మీకేం నష్టం? చెప్పకుండా ఉద్యోగం మానేసినదాని పక్కన మీ పేరు కనిపించడం నామోషీ. అంతేగా?"

"నేనెప్పుడన్నాను?"

"అననక్కర్లేదు నాన్నా. అర్థమవుతుంది."

ఈ పిల్లకి ఏమని అర్థమైంది, అనుకున్నారు మాస్టారు. దాని పేరు వెలగాలని తాను తాపత్రయపడుతుంటే ఇదెక్కడి అర్థం? భార్య చెప్పొద్దన్న మాట గొంతు దాకా వచ్చింది, ఇక ఆగలేదు. "నామోషీ అయితే ఇదంతా ఎందుకు పెడతాను? ఎవరి కోసం పెడుతున్నాననుకున్నావు? నీ కోసం. నువ్వు తేరుకుంటావని. నాకేమైనా పిల్లలకి పాఠాలు చెప్పే సరదా మిగిలి ఉందనుకున్నావా?"

"నా కోసమా?" ఆమె గుమ్మం పట్టుకుంది. "మీ కోసం కదా పెడుతున్నది. బడి లేక మీరు బెంగపెట్టుకున్నారని, పిల్లల మధ్య ఉంటే మళ్ళీ మామూలు మనిషవుతారని... నేను సైన్సు చెబుతానంటేనే మీరు ఒప్పుకుంటారని... ఆ సంగతి మీకు తెలియనివ్వద్దని అమ్మ..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చాలా రోజుల తర్వాత. ఆ పైన ఇద్దరూ కలిసి ఆవిడ వైపు తిరిగారు.

ఆవిడ కొత్త బల్ల మీద కూలబడింది.

"ఇద్దరికీ అబద్ధమే చెప్పాను," అంది. "మీకేం బెంగ లేదు, దానికేం కుములుడు లేదు. ఎవరి గదిలో వాళ్ళు బాగానే ఉన్నారు. బాగా లేనిది నేను. పొద్దున్నుంచి మీ మాట దానికి, దాని మాట మీకు మోసి మోసి, నా మాటలంటూ నాకు లేకుండా పోయాయండీ. రేపు నేను మంచాన పడితే ఈ ఇంట్లో ఒకరికొకరు మంచినీళ్ళయినా అడుగుతారా అని భయం పట్టుకుంది. ఇద్దరినీ ఒక పనిలో పడేస్తే, ఎలాగోలా, కనీసం పోట్లాడుకోవడానికైనా నోరు విప్పుతారనుకున్నాను. తీరా చూస్తే పేరు కోసం కూడా నన్నే తిప్పుతున్నారు."

ఆవిడ ఏడుస్తూ మాట్లాడటం మాస్టారు ఎన్నడూ చూడలేదు. ఏం చేయాలో తోచక వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. ఇన్నాళ్ళూ తనకి కూతురితోనే చిక్కు అనుకున్నారు. ఇప్పుడు చూస్తే భార్య గురించీ ఏమీ తెలియదని తేలింది. రెండు మాటలు అడిగి తెలుసుకోవలసినవన్నీ అడక్కుండానే ఊహించేసుకున్నారు, అన్నీ తప్పయ్యాయి. అందుకని అప్పుడే అడగవలసింది ఇప్పుడైనా అడిగారు.

"ఎందుకు మానేశావమ్మా?"

ఆమె ఎదుటి బల్ల మీద కూర్చుని దాని అంచు గోటితో గీరింది.

"ఆ బడిలో నాకు పేరే లేదు నాన్నా. అందరికీ నేను మాస్టారి అమ్మాయిని. పిల్లలకి మార్కులు బాగా వస్తే మాస్టారి రక్తం అనేవాళ్ళు. తగ్గితే మాస్టారి కడుపున పుట్టి ఇదేమిటి అనేవాళ్ళు. పిల్లలు కూడా అలాగే పిలిచేవాళ్ళు. రాజీనామా ఇస్తే, హెడ్మాస్టరు అది చదవకుండానే మాస్టారికి తెలుసా అని అడిగారు. మీకు చెప్పకపోవడం మీ మీద కోపంతో కాదు. ఆ ఒక్క పనైనా నా అంతట నేను చేశాననిపించాలని. పాఠాలు చెప్పడం నాకు ఇప్పటికీ ఇష్టమే."

మాస్టారి చేతి కింద చదివిన పిల్లలు ఎక్కడ కనబడినా, గడ్డాలొచ్చినా, జుట్టు నెరిసినా, వాళ్ళని పేరు పెట్టి పిలుస్తారని ఆయనకి పెద్ద ఖ్యాతి. ఆ ఖ్యాతికి ఆయన మురిసిపోతారు కూడా. అలాంటి మనిషి సొంత కూతురిని ఏమని పిలిచాడు? బడిలో మా అమ్మాయి. ఇంట్లో, కోపమొస్తే, మీ కూతురు. ఈ మధ్య అదీ లేదు, దానికి చెప్పు. బడిలో వాళ్ళని అనుకుని ఏం లాభం? వాళ్ళకి ఆ పిలుపు నేర్పింది తానే. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నారు.

బోర్డు అతను టీ తాగి తిరిగొచ్చి, ఈసారి గుమ్మం బయటే నిలబడి, లోపలికి తొంగి చూస్తూ ఏం రాయమంటారని అడిగాడు.

భార్య అలవాటు కొద్దీ లేవబోయింది. మాస్టారు చేయి పట్టుకుని కూర్చోబెట్టారు. కూతురి వైపు తిరిగి, నోరారా, పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు ఆయన గొంతులో వినిపించి ఎంత కాలమైందో, ఆమె పలకడానికి బదులు చప్పున తల దించుకుంది. ఆయన ఇంకోసారి పిలిచారు.

"నీ ట్యూషన్‌కి నువ్వే చెప్పు. నేను నీ దగ్గర లెక్కల మాస్టారిని. అదీ నీకు అవసరమనిపిస్తేనే."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి గుమ్మంలోకెళ్ళింది. ఆయనా వెనకే వెళ్ళారు. బోర్డు అతనితో కలిసి ముగ్గురూ బయట నిలబడి ఏదో అనుకున్నారు, కొట్టేశారు, మళ్ళీ అనుకున్నారు. తండ్రీ కూతుళ్ళ గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఒకసారి ఆమె నవ్వింది.

చివరికి ఏ పేరు ఖాయమైందో తనకి ఒక్కరూ వచ్చి చెప్పలేదని, అందరిలాగే వీధిలోకెళ్ళి బోర్డు చూసి చదువుకోవలసి వచ్చిందని ఆ సాయంత్రం భార్య మాస్టారిని దెప్పింది. దెప్పుతూ దెప్పుతూనే మొహం పక్కకి తిప్పుకుని కళ్ళొత్తుకుంది.