ఎనిమిది నెలల ముల్లు

పొద్దున ఏడింటికి అక్క చేసే మొదటి పని, తమ్ముడి మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి నలపడం. పిండి అయ్యేదాకా నలిపి, మెత్తగా ఉడికిన అన్నంలో కలిపి, పాలు పోసి, పంచదార ఒక చెంచా ఎక్కువే వేస్తుంది. రెండేళ్లుగా ఇదే వరస. మనసుకు జబ్బు చేసినవాడు నాకు జబ్బే లేదు పొమ్మంటే, ఇంట్లోవాళ్లు ఇలా దొంగలవక ఏం చేస్తారు?

తమ్ముడు ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఊళ్లో సగం మంది టైము అతని చేతి మీదుగానే నడిచింది. ఒకరోజు కొట్లో గడియారాలన్నీ తన గురించే చెప్పుకుంటున్నాయని తాళం వేసి వచ్చేశాడు. ఆ మాటలు వినపడకుండా ఉండాలని తాగుడు మొదలుపెట్టాడు. అమ్మా నాన్నా పోయారు, పెళ్లి కాలేదు. అక్క కుట్టుమిషన్ ఉన్న ముందు గదిలోనే అతని మంచం.

"దీంట్లో ఏదో కలిపావక్కా," గిన్నె వంక చూస్తూ అన్నాడు.

"ఏం కలుపుతానురా? పంచదార."

"దిగట్లేదు. గొంతులో ముల్లుంది."

"ఆ ముల్లు సంగతి తేల్చడానికేగా ఇవాళ ఆస్పత్రికి వెళ్తున్నాం. రెండు ముద్దలు తిను."

డ్యూటీకి బయల్దేరుతున్న బావ బూట్ల లేసులు కట్టుకుంటూ నవ్వాడు. ఆయన బస్సు డ్రైవరు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. మొన్నటిదాకా గడియారాలు, ఇప్పుడు ముల్లు."

"ఊరుకోండి, వింటున్నాడు," అంది అక్క. అంది గానీ, ఆమె పెదవి చివర కూడా నవ్వు కదిలింది.

తప్పంతా ఆమెదే అనడానికి లేదు. మనసు డాక్టరు మొదట్లోనే చెప్పాడు: అతను లేనిపోనివి చెప్పినప్పుడు వాదించకండి, మాట మార్చండి, చేతికి ఏదో పని ఇవ్వండి అని. ఆయన చెప్పింది లేనిపోనివాటి గురించి. అక్క అన్నిటికీ అదే పాటించింది. తమ్ముడు ముల్లు అన్నప్పుడల్లా అరడజను సూదులు తెచ్చి, "కాస్త దారం ఎక్కించి పెట్టరా, నాకు చూపు ఆనట్లేదు," అనేది. ఎనిమిది నెలలు అతను గొంతు సవరించుకుంటూ సూదుల్లో దారం ఎక్కించాడు. మొన్న పదిహేనో తేదీన, ఆమె కుట్టి మడతపెట్టిన తెల్ల గౌను మీద రక్తం కక్కాడు. అప్పుడు గానీ ఆస్పత్రి గుర్తు రాలేదు. గొంతులోకి గొట్టం దింపి చూసి, ఒక ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ కాగితం ఇవాళ వస్తుంది.

డాక్టరమ్మ గదిలో రెండే కుర్చీలు. తమ్ముడు ఒకదాంట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ మాత్రం అతన్ని దాటి అక్కతోనే మాట్లాడింది.

"క్యాన్సరేనమ్మా. ఆర్నెల్ల ముందు వచ్చుంటే తేలికగా పోయేది. ఇప్పుడు పెద్దదైంది. ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు గొంతుకి కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలి. మధ్యలో మానేస్తే చాలా నష్టం. ఈయనకి తాగుడుంది, మనసు జబ్బుంది. ఇలాంటివాళ్లు నిలబడతారో లేదోనని నా భయం. మాత్రలు సరిగా వేసుకుంటున్నాడా?"

"వేసుకుంటున్నాడండి," అక్క గబుక్కున అంది.

"లేదు డాక్టరుగారూ," అన్నాడు తమ్ముడు. "రెండేళ్లయింది నేను మాత్ర ముట్టుకుని. అక్కే నా అన్నంలో ఏదో కలుపుతోంది. తెలిసే తింటున్నా."

డాక్టరమ్మ పెన్ను కదిలింది. అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానం అని ఫైలులో రాస్తూ, "చూశారా? ఈ స్థితిలో మొదలుపెట్టడం కష్టం. నొప్పికి మందులిస్తాను, ఇంట్లో చూసుకోండి," అంది.

అక్కకు ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది. నిజం చెబితే, ఇన్నాళ్లూ అనుమానంతోనే తింటున్న తమ్ముడు ఇక ఆమె చేతి ముద్ద తినడేమో. చెప్పకపోతే అతని మాట మరొక్కసారి పిచ్చిమాటవుతుంది, ఈసారి దాంతోపాటు ప్రాణమూ పోతుంది. ఆమె తమ్ముడి ముఖం వంక చూడలేక బల్ల అంచు పట్టుకుంది.

"అది రాయకండమ్మా. వాడు చెప్పేది నిజం. నేనే కలుపుతున్నాను. మాత్ర నలిపి, పంచదార వేసి. రోజూ అడిగేవాడు. రోజూ లేదనే చెప్పాను."

డాక్టరమ్మ రాసిన వాక్యాన్ని కొట్టేసింది. తర్వాత కుర్చీ తిప్పి, మొదటిసారి తమ్ముడి కళ్లలోకి చూసింది.

"మీకేం కావాలో మీరే చెప్పండి."

"నాకు క్యాన్సరన్నది నిజమేనా?"

"నిజమే."

"కాగితం మీద రాసుందా?"

"రాసుంది."

తమ్ముడు నవ్వాడు. లాటరీ తగిలినవాడి నవ్వది. చావు కబురు విని సంతోషించేంతగా ఒక మనిషిని కాల్చుకు తిన్నది ఎవరో అక్కకు ఆ నవ్వులోనే అర్థమైంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"వస్తానండి. ఏడు వారాలూ వస్తాను," అన్నాడతను. "తాగుడంటారా, తాగితేనే ముద్ద దిగుతోంది. అంతకుముందూ తాగేవాణ్ణే లెండి, అబద్ధమెందుకు."

"ఒక్కసారిగా ఆపకండి, ప్రమాదం. దానికి పై అంతస్తులో వేరే డాక్టరున్నారు. మీ మనసు డాక్టరుతో నేను మాట్లాడతాను. ముగ్గురం కలిసి చూస్తాం. తగ్గుతుందని మాత్రం మాటివ్వలేను."

బయట వరండాలో, మందుల చీటీలు పట్టుకున్న జనం మధ్య, ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అక్క ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఏడుస్తోంది.

"నన్ను తిట్టరా. నాలుగు మాటలు అను."

"ఏమనమంటావు? నాకు పిచ్చి లేదని కాదుగా. ఉంది. గడియారాలు ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాయి." అతను గొంతు పట్టుకుని గుటక వేశాడు, నొప్పికి కళ్లు మూతలు పడ్డాయి. "కానీ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా, ఏదీ నోరు తెరువు చూద్దాం అనలేదు నువ్వు. ఇంట్లో ఎవరికి పంటి నొప్పి వచ్చినా అంటావు. నాకే అనలేదు."

అక్క ముక్కు తుడుచుకుని, ఫోనులో లైటు వేసింది.

"నోరు తెరువు."

"ఇప్పుడా?"

"తెరువురా."

అటూ ఇటూ పోయేవాళ్లు చూస్తుండగా నలభై ఏళ్లవాడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు. సారా వాసన గుప్పున కొట్టింది. ఆమె అతని గడ్డం పట్టుకుని, తల వంచి లోపలికి చూసింది. నాలుక, అరిగిన పళ్లు, ఆ వెనక చీకటి. జబ్బు ఇంకా కిందనెక్కడో ఉంది.

"కనిపించిందా?"

"లేదురా," అంది అక్క. "ఏమీ కనిపించలేదు. కానీ ఉంది. నువ్వు చెప్పావుగా, ఉంది."