వెనక్కి నడిచే ట్రాక్టరు

రాళ్ళ గుంట పక్కనున్న ఆ రేకుల షెడ్డు వైపు పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. పొరపాటున వెళ్ళొచ్చినవాళ్ళంతా ఒకటే చెబుతారు — లోపల పాత ట్రాక్టరు తనంతట తానే వెనక్కి నడుస్తుందట. దాని మీద చచ్చిపోయిన డ్రైవరు కూర్చుని ఉంటాడట. గుప్పున సారా వాసన కూడా కొడుతుందట! చెప్పేవాళ్ళంతా సారా దుకాణం నుంచే వచ్చేవాళ్ళు. అందుకే ఆ వాసన ఎవరిదో ఎవరూ ఆరా తీయలేదు.

ఆ చుట్టుపక్కలకు వచ్చిన మొదటి ట్రాక్టరు అది. ఒక్కటే సిలిండరు. దాని మూతిని మంటతో ఎర్రగా కాలిస్తే గానీ నిద్ర లేచేది కాదు. లేచిందంటే డుబ్... డుబ్... అని ఊరి చివరిదాకా వినిపించేది. జనం దున్నే ఎద్దుల్ని వదిలేసి చూడ్డానికి వచ్చేవారు. దాన్ని లొంగదీసిన మొనగాడు ఆ డ్రైవరే. అలాంటివాడు ఒకరోజు ముందుకు తేవలసిన బండిని వెనక్కి పోనిచ్చి, షెడ్డు గోడ కూల్చి, ఆ గోడ కిందే పోయాడు.

"తాగి నడిపాడు," అన్నాడు బండి యజమాని కామందు.

కామందు అన్నాక ఊరు ఆలోచించడం మానేసింది.

డ్రైవరు భార్య మాత్రం ఒప్పుకోలేదు. "అన్నం తిని వెళ్ళాడు. నేనే వడ్డించాను. నోట్లో ఏ వాసనా లేదు," అనేది. ఏళ్ళ తరబడి అదే మాట. కానీ వయసు మీద పడేకొద్దీ ఆ మధ్యాహ్నం చెరిగిపోతూ వచ్చింది. ఆయన చొక్కా రంగు పోయింది. తాను వడ్డించిన కూర పోయింది. ఇక ఆ వాసన... నిజంగానే లేదా? లేదని తానే అనుకుందా? ఈ బెంగతో ఆమెకు నిద్ర పట్టేది కాదు.

అలా మంచం మీద దొర్లుతున్న ఒక రాత్రి వినిపించింది — డుబ్... డుబ్...

ఇంకొకరైతే దుప్పటి ముసుగు పెట్టేవారు. ఆమె చెప్పులు వేసుకుంది. దెయ్యమైతే ఏం, మొగుడే కదా! మొహం మీదే అడిగేస్తే సరి.

షెడ్డు వెనక, కూలిన గోడ సందులోంచి లోపలికి దూరింది. అంతా చీకటి. ట్రాక్టరు మూతి మాత్రం నిప్పుకణికలా ఎర్రగా... సీటు మీద ఒక ఆకారం. ఇంజను చప్పుడు నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ప్రాణం పోతున్నట్టు ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టి, మళ్ళీ అందుకుంది.

"ఏవయ్యా..." అంది గుసగుసగా. "ఆ రోజు తాగావా, లేదా? నిజం చెప్పు."

గేరు కరకరలాడింది. అంతే — బండి ఒక్క ఊపున వెనక్కి, ఆమె మీదికే వచ్చింది! ఆమె పక్కకు దూకింది. బండి మిగిలిన గోడకు గుద్దుకుని ఆగిపోయింది.

"బాబోయ్! ముందు గేరే వేశాను నాన్నా, ఒట్టు!" అని ఆకారం ఘొల్లుమంది.

నాన్నా?

టార్చి వెలిగింది. సీటు మీద గజగజలాడుతున్నది కామందు కొడుకు. టార్చి పట్టుకున్నది కామందు. ఆయన పక్కన పాత ట్రాక్టర్లు కొని దాచుకునే పొరుగూరాయన. పగలైతే దెయ్యం బండి అని ఎవరో ఒకరు ఆయన చెవిన వేస్తారని, రాత్రికి రాత్రే బండిని లారీ ఎక్కించేద్దామనుకున్నారు తండ్రీకొడుకులు.

కొనవచ్చినాయన పగలబడి నవ్వాడు. "ఈ రకం ఇంజను అంతేనండీ. వేగం మరీ తగ్గిస్తే ఆగబోయినట్టు ఆగి, ఎదురు దిక్కుకు తిరగడం మొదలెడుతుంది. అప్పుడు ముందు గేరు వేసినా బండి వెనక్కే పోతుంది. చీకటి షెడ్డులో ఎంతటి డ్రైవరైనా మోసపోతాడు. ఇంతకీ అంత తగ్గించమన్నదెవరు?"

"నాన్నే. నూనె దండగని," అన్నాడు కొడుకు.

ఆమె కామందు వైపు తిరిగింది. "మా ఆయనకీ అలాగే చెప్పారా, అయ్యగారూ?"

కామందు టార్చి ఆర్పేశాడు.

చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది. "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా... ఆ రోజు బండిని దెయ్యమే తోసిందని చెబుదాం. అందరికీ మర్యాదగా ఉంటుంది."

"దెయ్యమే కావాలా? సరే," అంది. "రేపటి నుంచి మీ గుమ్మంలోనే ఉంటుంది. పట్టపగలే!"

అన్నట్టే తెల్లారేసరికి కామందు ఇంటి మెట్ల మీద కూర్చుంది. పాలు పోసేవాడి దగ్గర్నుంచి చుట్టపుచూపుగా వచ్చిన వియ్యంకుడి దాకా, అందరికీ పూసగుచ్చినట్టు చెప్పింది. మర్నాడూ చెప్పింది. రోజూ చెబుతోంది. రోజూ చెప్పే సంగతి మర్చిపోతానన్న బెంగ ఉండదు కదా!

ఇప్పుడు ఆ షెడ్డులో పిల్లలు దాగుడుమూతలు ఆడుకుంటున్నారట. సొంత వీధి గుమ్మం దాటడానికి జంకే మనిషి మాత్రం ఊళ్ళో ఒకడున్నాడట... దొడ్డి గోడ దూకి తిరుగుతున్నాడు.